గోడకు టీవీ బిగించడం: ఏ గోడకు ఏ పద్ధతి

గోడకు బిగించిన టీవీ కింద పడితే తిట్లన్నీ స్టాండుకే పడతాయి. నిజానికి స్టాండు విరిగి టీవీ పడడం చాలా అరుదు. రెండు మిల్లీమీటర్ల ఇనుప రేకుతో చేసిన మామూలు స్టాండు కూడా దాని మీద రాసిన బరువును తేలిగ్గా మోస్తుంది. ఊడివచ్చేది గోడలో దిగిన స్క్రూ. అది ఇటుకలో దిగిందా, పైనున్న సిమెంటు పూతలో దిగిందా, రెండు ఇటుకల నడుమ సందులో దిగిందా అన్నదాన్ని బట్టే టీవీ నిలబడుతుంది. కాబట్టి స్టాండు కొనకముందే గోడ సంగతి చూడాలి.

కొత్త టీవీ కొంటే బిగించడానికి మనిషి వస్తాడు కదా అనుకుంటారు. వస్తాడు. కానీ రోజుకు ఎన్నో ఇళ్లు తిరగాల్సిన మనిషి దగ్గర ఒకే డ్రిల్లు బిట్టు, ఒకే రకం ప్లగ్గులు (స్క్రూ పట్టడానికి గోడ రంధ్రంలో దించే ప్లాస్టిక్ గొట్టాలు) ఉంటాయి. మంచి ఇటుక గోడకు అవి చాలు. మిగతా గోడలకు చాలవు. మీరు స్వయంగా బిగించకపోయినా, పక్కన నిలబడి ఏం అడగాలో తెలిసి ఉండడం మంచిది.

గోడ ఏదో తేల్చుకోండి

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్, మంచిర్యాల వైపు ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఎర్ర ఇటుక గోడ. బయటి గోడలు తొమ్మిదించులు, లోపలి అడ్డగోడలు నాలుగున్నర ఇంచులు. లోపలి వైపు గిలాబు, అంటే సిమెంటు ప్లాస్టరింగ్, 12 నుంచి 15 మి.మీ. ఉంటుంది. గోడ వంకరగా లేస్తే మేస్త్రీ దాన్ని ప్లాస్టరింగ్‌తోనే సరిచేస్తాడు గనుక కొన్నిచోట్ల 20 మి.మీ. దాటుతుంది. ఆ పైన లప్పం, రంగు. ఈ పూతకు బరువు మోసే శక్తి ఏమాత్రం లేదని లెక్క వేసుకోవాలి. ఇటుక మాత్రం బాగా మోస్తుంది. నాలుగున్నరించుల గోడైనా సరే, గోడకు అంటిపెట్టుకుని ఉండే స్టాండు మీద 43, 50 ఇంచుల టీవీకి భయం లేదు.

రామగుండం, భూపాలపల్లి పవర్ ప్లాంట్ల బూడిద దగ్గరలోనే దొరుకుతుంది కాబట్టి ఈ పక్క కొత్త ఇళ్లలో బూడిద ఇటుక కూడా బాగానే వాడుతున్నారు. దానికీ ఎర్ర ఇటుక పద్ధతే. కాకపోతే అంచులు పెచ్చులూడే గుణం ఎక్కువ. మిషన్ మీద ఒంటి బరువంతా వేసి నెట్టకూడదు.

ఇబ్బంది పెట్టేది అపార్ట్‌మెంట్లలో వాడే తెల్లటి తేలిక బ్లాకులు. ఇవి గాలి బుడగలతో నిండి ఉంటాయి. మేకు చేత్తో గుచ్చినా కొంత దిగుతుంది. మామూలు ప్లగ్గు వేస్తే మొదటి రోజు గట్టిగానే అనిపిస్తుంది. ఆరు నెలలకు వదులవుతుంది. దీని సంగతి కింద విడిగా రాశాం.

పిల్లరు, బీము ఉన్నచోట కాంక్రీటు తగులుతుంది. బిట్టు కీచుమంటుంది, ముందుకు పోదు. ఓపిగ్గా పోతే అంతకు మించిన గట్టి చోటు ఇంట్లో ఉండదు. లోపల ఇనుప చువ్వ తగిలితే మాత్రం పట్టుదలకు పోవద్దు. చువ్వను కోయడం ఇంటికి మంచిది కాదు, బిట్టు కూడా మొద్దుబారుతుంది. మూడు సెంటీమీటర్లు పక్కకు జరగండి.

పాత వరంగల్ వీధుల్లో, ఊళ్లలో ఇంకా మట్టి గోడలు, మట్టి అడుసుతో పేర్చిన రాతి గోడలు ఉన్నాయి. పైన సిమెంటు పూసి రంగు వేసినంత మాత్రాన అవి ఇటుక గోడలు కావు. వీటికి టీవీ వేలాడదీయొద్దు. నేల మీద నిలబడే ఇనుప ఫ్రేము కొనడమో, బల్ల మీద టీవీ పెట్టి పైభాగాన్ని పట్టీతో గోడకు లాగి కట్టడమో చేయాలి. అప్పుడు గోడ మీద బరువు పడదు, ముందుకు పడకుండా పట్టీ ఆపితే చాలు. అద్దె ఇంట్లో ఓనరు గోడ తొలవొద్దంటే కూడా ఇదే దారి.

గోడ ఏదో తెలియకపోతే, టీవీ వెనక దాగిపోయే చోట 6 మి.మీ. బిట్టుతో ఒక పరీక్ష రంధ్రం వేసి పొడి చూడండి. మొదటి ఒకటిన్నర సెంటీమీటరు ఎలాగూ సిమెంటు పొడే వస్తుంది. ఆ తర్వాత ఎర్రగా వస్తే ఎర్ర ఇటుక. బూడిద రంగులో గరుకుగా, నిలకడగా వస్తే బూడిద ఇటుక లేదా కాంక్రీటు. మిషన్ ఎంత కష్టపడుతోందో చూస్తే ఆ రెంటిలో ఏదో తెలిసిపోతుంది. తెల్లగా పిండిలా రాలుతూ, బిట్టు వెన్నలో దిగినట్టు పోతే తేలిక బ్లాకు. గోధుమ రంగు మట్టి రాలితే ఆగిపోండి. బిట్టు ఉన్నట్టుండి ఖాళీలోకి జారితే అది బోలు సిమెంటు బ్లాకైనా అయి ఉండాలి, ముందు వేసిన ప్లైవుడ్, జిప్సం ప్యానెలైనా అయి ఉండాలి. జిప్సం బోర్డు ఒక్కటే అయితే దాని మీద టీవీ నిలవదు. స్క్రూ వెనకున్న అసలు గోడలోకి చేరేంత పొడుగుండాలి, లేదా బోర్డు వెనక 18 మి.మీ. ప్లైవుడ్ ముందే బిగించి ఉండాలి.

ఏ చోట బిగించకూడదు

స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైన, కింద, అడ్డంగా అదే వరుసలో వైరు పైపులు పోతుంటాయి. ఆ గీతలకు రెండు వైపులా 15 సెం.మీ. వదిలేయండి. గోడ అవతల ఏముందో కూడా చూడాలి. అవతల బాత్‌రూం ఉంటే గీజరు పైపులు ఈ గోడలోనే ఉండొచ్చు. పైగా అలాంటి గోడకు నెమ్ము ఎక్కుతుంది. నెమ్మెక్కిన ప్లాస్టరింగ్ ఉబ్బి రాలుతుంది, స్క్రూలు తుప్పు పడతాయి.

ఏసీ కింద వద్దు. నీళ్ల పైపు మూసుకుపోయిన రోజు ఆ నీళ్లన్నీ టీవీలోకే. ఎండాకాలం కూలర్ పెట్టే ఇళ్లలో కూలర్ గాలి సూటిగా తగిలే గోడ కూడా వద్దు. బోరు నీళ్ల తుంపర లోపలి బోర్డు మీద తెల్లటి ఉప్పుపొరలా పేరుకుంటుంది.

పడమటి గోడ మరో సమస్య. చాలా టీవీల పుస్తకంలో గది వేడి 40 డిగ్రీల లోపు ఉండాలని రాసి ఉంటుంది. మే నెలలో రామగుండంలో బయట 45 కొడుతుంటే, సాయంత్రానికి పడమటి గోడ లోపలి వైపు కూడా వేడెక్కుతుంది. తప్పనిసరైతే గోడకూ టీవీకీ నడుమ కనీసం 5 సెం.మీ. సందు ఉండే స్టాండు తీసుకోండి. గూట్లో అమర్చేట్టయితే పైన, పక్కల తలా 10 సెం.మీ. వదలండి. కిటికీకి ఎదురుగా పెడితే పగలు తెర మీద కిటికీయే కనిపిస్తుంది.

ఎత్తు

ఈ పనిలో ఎక్కువ ఇళ్లలో కనిపించే తప్పు ఎత్తు దగ్గరే. నిలబడి బిగించే మనిషి తన కళ్ల ఎత్తులో గుర్తు పెడతాడు. టీవీ చూసేవాళ్లు కూర్చుని చూస్తారు. మన దగ్గరైతే సగం మంది చాప మీద కూర్చుని, అన్నం తింటూ చూస్తారు.

సోఫాలో కూర్చుంటే కళ్లు నేల నుంచి సుమారు 40 నుంచి 42 ఇంచుల ఎత్తులో ఉంటాయి. కింద కూర్చుంటే 30 ఇంచుల దగ్గర. టీవీ నడిమధ్య 60 ఇంచుల ఎత్తులో ఉందనుకోండి. ఎనిమిది అడుగుల దూరంలో కింద కూర్చున్నవాళ్లు 17 డిగ్రీలు తల ఎత్తాలి. అరగంటకే మెడ పట్టేస్తుంది. అదే నడిమధ్యను 42 ఇంచులకు దించితే వాళ్లకు 7 డిగ్రీలే, సోఫాలో వాళ్లకు సూటిగా ఉంటుంది. హాలుకు 42 నుంచి 45 ఇంచులు సరైన లెక్క. చూడ్డానికి మరీ కిందుందే అని మొదట అనిపిస్తుంది, రెండు రోజుల్లో అలవాటవుతుంది. పడకగదిలో మంచం మీద ఒరిగి చూస్తారు కాబట్టి 50 నుంచి 55 ఇంచులు పెట్టి, తెరను కొంచెం కిందికి వంచుకోవాలి.

దూరం సంగతి ఒక్క మాటలో: 43 ఇంచులకు ఐదున్నర నుంచి ఏడు అడుగులు, 55 ఇంచులకు ఏడు నుంచి తొమ్మిది అడుగులు.

ఇక ఆ ఎత్తును గోడ మీది గుర్తుగా మార్చడం. ఇక్కడే లెక్క తప్పి టీవీ అరడుగు పైకో కిందికో పోతుంది. ఎందుకంటే టీవీ వెనక ఉండే నాలుగు రంధ్రాలు చాలా మోడళ్లలో సరిగ్గా మధ్యలో ఉండవు, కిందికి ఉంటాయి. ముందు స్టాండుతో వచ్చిన నిలువు పట్టీలను టీవీ వెనక బిగించి, టీవీ కింది అంచు నుంచి ఆ పట్టీల కొక్కెం దాకా కొలవండి. ఉదాహరణకు 43 ఇంచుల టీవీ ఎత్తు 56 సెం.మీ. నడిమధ్య 107 సెం.మీ. దగ్గర, అంటే 42 ఇంచుల ఎత్తులో రావాలంటే, కింది అంచు 79 సెం.మీ. దగ్గర ఉండాలి. కొక్కెం కింది అంచుకు 38 సెం.మీ. పైన ఉంటే, గోడ పట్టీ మీద కొక్కెం కూర్చునే అంచు 117 సెం.మీ. దగ్గర రావాలి. ఆ అంచుకు 3 సెం.మీ. కింద స్క్రూ రంధ్రాలుంటే, గోడలో తొలవాల్సిన వరుస 114 సెం.మీ. మీ టీవీకి ఈ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క ఇదే. అనుమానముంటే టీవీ అట్టపెట్టెను తెరంత సైజుకు కత్తిరించి గోడకు టేపుతో అంటించి, ఒక సాయంత్రం ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చూపించండి.

ఏ స్టాండు

టీవీ సైజును బట్టి స్టాండు అడగొద్దు. వెనక రంధ్రాల మధ్య దూరం కొలిచి, ఆ కొలత చెప్పి అడగండి. 100 × 100, 200 × 200, 400 × 200, 400 × 400 మిల్లీమీటర్లు ఎక్కువగా వచ్చే కొలతలు. ఒకే 43 ఇంచుల్లో రెండు కంపెనీల కొలతలు వేరుగా ఉండొచ్చు. బరువు టీవీ లేబుల్ మీదో పుస్తకంలోనో ఉంటుంది. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీల్లో 32 ఇంచులది 4 నుంచి 5 కిలోలు, 43 ఇంచులది 7 నుంచి 10, 55 ఇంచులది 13 నుంచి 18, 65 ఇంచులది 20 నుంచి 25 దాకా ఉంటుంది.

గోడకు అంటుకుని ఉండేది ఒక రకం, కిందికి వంగేది ఒకటి, చేయిలా ముందుకు సాగి పక్కలకు తిరిగేది మరొకటి. దుకాణంలో మూడోది చూస్తే ముచ్చటేస్తుంది. గోడ మీద అది వేసే భారం వేరు. 15 కిలోల టీవీ గోడకు 5 సెం.మీ. దూరంలో ఉంటే, పైకీ కిందికీ స్క్రూల మధ్య 20 సెం.మీ. ఉన్న స్టాండులో పై స్క్రూలను బయటికి లాగే బలం నాలుగు కిలోలు కూడా ఉండదు. అదే టీవీని చేయి సాచి 45 సెం.మీ. ముందుకు లాగితే ఆ బలం 34 కిలోలవుతుంది. దానికి చేయి సొంత బరువు కూడా తోడు. పిల్లలు లాగి తిప్పే ఊపు ఈ లెక్కలో లేనే లేదు. తొమ్మిదించుల ఇటుక గోడకో కాంక్రీటుకో తప్ప ఈ రకం బిగించొద్దు. హాలుకు మా ఓటు కిందికి వంగే రకానికే. వెనక కేబుళ్లు పెట్టుకోవడానికి చోటు దొరుకుతుంది, తెర మీద వెలుతురు పడి మెరిస్తే వంచుకోవచ్చు.

సామాను

హామర్ (తిరుగుతూనే దెబ్బలు కొట్టే ఏర్పాటు) ఉన్న డ్రిల్లు మిషన్, సిమెంటు బిట్లు 6, 10 మి.మీ., రసమట్టం, టేపు, పెన్సిలు, 13 నంబరు పాన, స్క్రూడ్రైవర్, వైరు టెస్టర్, సైకిల్ పంపు. మిషన్ కొనక్కర్లేదు, ఒక పూటకు అద్దెకు దొరుకుతుంది.

స్టాండు పెట్టెలో వచ్చే ప్లగ్గులు పక్కన పడేయండి. అవి గట్టి ప్లాస్టిక్కువి, వ్యాకోచించకుండా పగిలిపోతాయి. హార్డ్‌వేర్ దుకాణంలో 10 మి.మీ. మందం, 50 మి.మీ. పొడుగున్న నైలాన్ ప్లగ్గులు, వాటికి 8 మి.మీ. మందం, 70 మి.మీ. పొడుగున్న ఆరు మూలల తల స్క్రూలు, వాషర్లు అడగండి. నాలుగు చాలు, ఆరు కొనండి. ఈ 70 ఎలా వచ్చిందంటే, స్టాండు రేకు, వాషరు కలిపి 4 మి.మీ., ప్లాస్టరింగ్ 15, ప్లగ్గు 50. స్క్రూ మొన ప్లగ్గు చివరిదాకా పోతేనే అది పూర్తిగా విచ్చుకుని ఇటుకను పట్టుకుంటుంది. మీ ప్లాస్టరింగ్ మందం ఎక్కువైతే 80 తీసుకోండి.

ఇనుప యాంకర్ బోల్టులు గట్టిగా ఉంటాయని ఇటుక గోడకు కూడా వేయమంటారు కొందరు. అవి విచ్చుకునే బలానికి ఇటుక లోపలే చీలుతుంది. వాటిని కాంక్రీటుకే వాడండి.

తొలవడం

1. ఆ గది ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ గదికి కరెంటు ఆపే స్విచ్) దించండి. పక్క గది నుంచి మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డుతో మిషన్‌కు కరెంటు తెచ్చుకోండి. గోడలో ఆ గది వైరు తగిలినా ప్రాణానికి ముప్పు తగ్గుతుంది.

2. లెక్కగట్టిన ఎత్తులో గోడ పట్టీని ఆనించి, రసమట్టం చూసి, ఒక్క రంధ్రానికే గుర్తు పెట్టండి. నాలుగూ ఒకేసారి గుర్తుపెట్టి తొలిస్తే, బిట్టు రెండు మిల్లీమీటర్లు పక్కకు జారినా పట్టీ కూర్చోదు. పెద్ద స్టాండుకు ఇద్దరు పట్టుకోవాలి. రసమట్టం పొట్టిదైతే సన్నటి పారదర్శక పైపులో నీళ్లు పోసి, రెండు చివర్ల నీటిమట్టం చూసి గీత గీయండి. మేస్త్రీలు ఇప్పటికీ అలాగే చేస్తారు, అందులో మట్టం తేడా రాదు. పైనున్న సజ్జో, కింది టైల్స్ వరుసో వంకరగా ఉంటే మట్టం ప్రకారం సరిగ్గా ఉన్న టీవీ కూడా వంకరగా కనిపిస్తుంది. అప్పుడు రెంటికీ మధ్యస్తంగా రాజీపడక తప్పదు.

3. బిట్టు మీద మొన నుంచి 80 మి.మీ. దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టండి. లోతుకు అదే గుర్తు. రంధ్రం కింద పాత పేపరు సంచిలా మడిచి టేపుతో అంటిస్తే పొడి అంతా అందులోనే పడుతుంది.

4. మొదట 6 మి.మీ. బిట్టుతో, హామర్ ఆపి, ప్లాస్టరింగ్ దాటేదాకా పోనివ్వండి. హామర్ వేసి మొదలుపెడితే లప్పం పెచ్చులుగా లేస్తుంది. తర్వాత 10 మి.మీ. బిట్టు వేసి, హామర్ పెట్టి, గోడకు సరిగ్గా లంబంగా పట్టుకుని, నెట్టకుండా మిషన్ బరువుతోనే పోనివ్వండి. మిషన్‌ను ఊగించకూడదు, రంధ్రం గుడ్డు ఆకారంలో వెడల్పవుతుంది. మధ్యమధ్య బయటికి లాగి పొడి రాల్చండి. గోడకు టైల్సో గ్రానైటో ఉంటే ఆ మందం దాటేదాకా హామర్ ముట్టుకోవద్దు.

5. సైకిల్ పంపుతో రంధ్రంలోని పొడి పూర్తిగా ఊదేయండి. నోటితో ఊదితే కళ్లలో పడుతుంది. ఈ పని వదిలేసేవాళ్లే ఎక్కువ. పొడి మిగిలితే ప్లగ్గు లోపలికి పూర్తిగా దిగదు, దిగినా ఇటుకను కాక పొడిని పట్టుకుంటుంది.

6. ప్లగ్గును సుత్తెతో మెల్లగా కొట్టండి. వేలితోనే లోపలికి పోతే రంధ్రం వదులైనట్టు. గోడ మట్టానికి వచ్చాక ఆగకుండా, స్క్రూ ఆనించి ఇంకో 15 మి.మీ. లోపలికి, పూర్తిగా ఇటుకలోకి దింపండి. ప్లగ్గు సగం ప్లాస్టరింగ్‌లో ఉంటే, స్క్రూ బిగిసేకొద్దీ ప్లాస్టరింగ్ పగులుతుంది. రంధ్రం చుట్టూ నక్షత్రంలా వచ్చే పగుళ్లకు కారణం ఇదే.

7. పట్టీని మొదటి స్క్రూకు వదులుగా తగిలించి, మట్టం చూసి, మిగతా రంధ్రాలకు గుర్తులు పెట్టి, ఒక్కోటీ అదే పద్ధతిలో తొలవండి. రెండు ప్లగ్గుల మధ్య కనీసం 10 సెం.మీ. ఉండాలి. అన్ని స్క్రూలూ పాన పెట్టి చేత్తోనే బిగించండి. వాషరు రేకుకు ఆనాక పావు చుట్టు చాలు. స్క్రూ తిరుగుతూనే ఉండి బిగియకపోతే అది పట్టుకోలేదని అర్థం.

అలాంటి రంధ్రంలో అగ్గిపుల్లలు, చీపురు పుల్లలు దూర్చి స్క్రూ బిగించే అలవాటొకటుంది. ఫొటో ఫ్రేముకు సరిపోతుందేమో, టీవీకి కాదు. పాత రోజుల్లో వేసే చెక్క గుటికెలకూ ఇదే ఇబ్బంది, వానాకాలం ఉబ్బి ఎండాకాలం కుంచించుకుపోతాయి. సందులో పడ్డ రంధ్రమైతే 5 సెం.మీ. పైకో పక్కకో జరిగి ఇటుక నడుమ తొలవండి. స్టాండుకు అడ్డంగా ఎన్నో రంధ్రాలు పెట్టేది అందుకే. జరగడానికి వీల్లేకపోతే రంధ్రంలో ఎపాక్సీ పుట్టీ కూరి, అందులోనే ప్లగ్గు దింపి, ఒక రోజంతా ఆగండి.

బిగించాక పట్టీని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా కిందికి లాగండి, పైభాగాన్ని ముందుకు కూడా లాగండి. వెంట్రుకవాసి కదిలినా టీవీ ఎక్కించొద్దు.

తేలిక బ్లాకు, బోలు బ్లాకు

తేలిక బ్లాకులో హామర్ పూర్తిగా ఆపేసి తొలవాలి. హామర్ దెబ్బకు రంధ్రం లోపల గిన్నెలా గుల్లవుతుంది. ప్లగ్గు ఈ బ్లాకుల కోసమే చేసిన పొడుగాటి రకం కావాలి. దాని మీద రాసిన బిట్టు సైజే వాడండి. 43 ఇంచుల దాకా అది చాలు.

అంతకు మించితే రెండు దారులు. ఒకటి రసాయన బంక: రంధ్రం శుభ్రంగా ఊది, ట్యూబుతో లోపలి నుంచి బయటికి బంక నింపుతూ వచ్చి, త్రెడ్డు ఉన్న 8 మి.మీ. రాడ్డు దింపి, ట్యూబు మీద రాసినంతసేపు కదిలించకుండా వదిలేయాలి. రెండోది గోడ ఆరపార తొలిచి, అవతలి వైపు 75 మి.మీ. చదరం, 5 మి.మీ. మందం ఇనుప ప్లేటు పెట్టి నట్టు బిగించడం. అవతలి గదిలో కాస్త అందం చెడుతుంది, బలానికి మాత్రం దీనికి సాటి లేదు. ప్లేటును గోడలోకి చెక్కి లప్పం పూస్తే కనిపించదు. బోలు సిమెంటు బ్లాకుకైతే బంక ఖాళీలోకి కారిపోకుండా ముందు జాలి గొట్టం పెట్టాలి.

టీవీ వెనక స్క్రూలు

టీవీని మంచం మీద పరుపుకు అడ్డంగా, దుప్పటి పరిచి, తెర కిందికి ఉండేలా పడుకోబెట్టండి. దుప్పటి కింద రిమోటు, కళ్లజోడు లేకుండా చూసుకోండి. తెర మీద ఒక్క చోట పడిన ఒత్తిడి చాలు, గీత పడుతుంది. అది వారంటీలో రాదు.

చిన్న టీవీలకు ఎం4 (అంటే 4 మి.మీ. మందం), చాలా వాటికి ఎం6, కొన్ని పెద్ద వాటికి ఎం8 స్క్రూలు పడతాయి. మందం కుదిరినంత మాత్రాన పొడుగు కుదిరినట్టు కాదు. అగ్గిపుల్లను రంధ్రంలోకి మెల్లగా దింపి, లోతు గుర్తుపెట్టి కొలవండి. స్క్రూలో టీవీ లోపలికి దిగే భాగం దానికంటే రెండు మిల్లీమీటర్లు తక్కువగా, త్రెడ్డులో కనీసం 8 నుంచి 10 మి.మీ. పట్టేలా ఉండాలి. పొడుగైతే లోపలి బోర్డుకు తగిలి టీవీయే పోతుంది. పొట్టిదైతే రెండు మూడు త్రెడ్ల మీదే బరువంతా పడి అవి తెగిపోతాయి. వెనక భాగం ఎత్తుపల్లాలుగా ఉంటే పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ స్పేసర్లు వాడి, వాటి పొడుగు లెక్కలో కలపండి. చేత్తోనే తిప్పండి, మిషన్ వద్దు.

ఎక్కించడం

ఇక్కడ ఇద్దరు తప్పనిసరి, 55 ఇంచులు దాటితే మూడో మనిషి పక్కన నిలబడి టీవీ వెనక వైపు చూస్తూ చెప్పాలి. అరచేయి కింది అంచున, వేళ్లు వెనక ఉండాలి. బొటనవేలు తెర మీద నొక్కకూడదు. గోడకు చేరాక ఇక అందనంత సన్నటి స్టాండైతే కేబుళ్లన్నీ ముందే గుచ్చుకోండి. పై కొక్కేలు రెండూ పట్టీ మీద కూర్చున్నాయో లేదో పక్క నుంచి కళ్లతో చూడాలి. చప్పుడు విని కూర్చుందనుకోవద్దు. ఆ తర్వాత కింది భాగం లోపలికి నెట్టి, కింది తాళం స్క్రూ బిగించండి. చాలామంది ఈ స్క్రూను వదిలేస్తారు. తుడిచేటప్పుడు కింది నుంచి పైకి తోస్తే టీవీ కొక్కెంలోంచి లేచేది అప్పుడే.

కేబుళ్లు, కరెంటు

సాకెట్ టీవీ వెనకే ఉంటే చూడ్డానికి బాగుంటుంది. కానీ స్విచ్ మాత్రం చేతికందే చోట పెట్టించుకోండి. టీవీ వైరును గోడలో పూడ్చి ప్లాస్టరింగ్ చేయడం తప్పు. పైన 25 మి.మీ. కేసింగ్ పట్టీ వేసి అందులో నడపండి. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లైతే టీవీ వచ్చేచోటి నుంచి కింద సెట్‌టాప్ బాక్స్ పెట్టే చోటికి రెండించుల పీవీసీ పైపు వేయించండి. హెచ్‌డీఎంఐ కేబులు తల వెడల్పు దాదాపు రెండు సెంటీమీటర్లు ఉంటుంది, కరెంటు వైర్ల పైపులో అది దూరదు. కరెంటు వైర్లకు ఆ పైపు వాడకూడదు, వాటికి వేరే పైపు. ప్రతి కేబులుకు 20 సెం.మీ. వదులు ఉంచండి. టీవీని వంచినప్పుడు వైరు బిగిసి పోర్టు విరగకుండా ఉంటుంది.

డిష్ కేబులు కిటికీ లోంచి వస్తుంటే, లోపలికి వచ్చే ముందు బయట కిందికి ఒక వంపు తిప్పండి. వాన నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, తీగ వెంట లోపలికి రావు. కోతుల బెడద ఉన్న కాలనీల్లో ఆ కేబులును బయట గోడకు అడుగుకో క్లిప్పుతో బిగించాలి. వేలాడే వైరు కనిపిస్తే అవి ఊగకుండా ఉండవు. ఊగిన ఊపు వచ్చి పడేది టీవీ వెనక పోర్టు మీదే.

టీవీ వెనక లేబుల్ మీద 100–240 వోల్టులు అని ఉంటే, లో వోల్టేజీ కోసం స్టెబిలైజర్ పెట్టనక్కర్లేదు. బోర్లు ఆన్ చేసినప్పుడు వోల్టేజీ పడిపోయే ఊళ్లలో కూడా అది నడుస్తుంది. ప్రమాదం హై వోల్టేజీతోనే. లైన్‌లో న్యూట్రల్ తెగితే 230 రావాల్సిన ఇంటికి 400 దగ్గరికి రావొచ్చు. అలా ఎక్కినప్పుడు కరెంటును పూర్తిగా కట్ చేసే రకం పరికరం పెట్టుకోండి. మామూలు స్పైక్ బోర్డు దీన్ని ఆపలేదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములతో గాలివాన లేస్తే స్విచ్ ఆపడం చాలదు. ప్లగ్గూ పీకాలి, డిష్ కేబులూ ఊడదీయాలి. ప్లగ్గు పీకి డిష్ కేబులు వదిలేస్తే పిడుగు దెబ్బ ఆ దారిలో వస్తుంది. అందుకే మొదట్లోనే రెండూ చేతికందేలా పెట్టుకోమనేది.

బిగించి నెల గడిచాక ఒకసారి తాళం స్క్రూ ఊడదీసి, టీవీని దించి, గోడ స్క్రూలను పానతో చూడండి. ఏదైనా పావు చుట్టు కంటే ఎక్కువ తిరిగితే ఆ ప్లగ్గు మార్చాలి. టీవీ ఒక పక్కకు ఒరుగుతుంటే గోడ పట్టీ జోలికి పోకముందు టీవీ వెనక పట్టీలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడండి, సగం సార్లు తేడా అక్కడే ఉంటుంది. సౌండ్ పెంచినప్పుడు గలగలమంటే కింది తాళమైనా వదులై ఉంటుంది, కేబులు గోడకు కొట్టుకుంటూనైనా ఉంటుంది. దించిన చేత్తోనే వెనక గాలి సందులను మెత్తటి బ్రష్షుతో దులపండి. వెచ్చదనానికి బల్లులు ఆ సందుల్లోంచి లోపలికి దూరి బోర్డు మీద అడ్డంగా పడి షార్టు చేస్తాయి. సందులకు జాలి అంటిస్తే గాలి ఆడక వేడెక్కుతుంది. దానికంటే గోడ మీద ట్యూబ్‌లైటును టీవీకి దూరంగా మార్చడం మేలు. పురుగులు రాకపోతే వాటి వెంట బల్లులూ రావు.